కింది సొరుగులో మబ్బు

వీధిలో అందరూ ఆమెను కుక్కలమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు, ఆమె కూడా పలకడం మొదలుపెట్టింది. ఊరెళ్ళేవాళ్ళు, ఇల్లు మారేవాళ్ళు, ఆసుపత్రిలో చేరేవాళ్ళు తమ కుక్కల్ని ఆమె దగ్గర వదిలి వెళ్తారు. రెండు రోజులు, వారం, ఒక్కోసారి నెల. ఆ ఇంట్లో మనుషులు ముగ్గురు. ఆమె, లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త, భర్తను కన్న తల్లి. కుక్కలు ఎన్ని ఉంటాయో మాత్రం ఏ రోజుకారోజు లేచి చూసుకోవాల్సిందే.

ఆమె పనికి ఒక పద్ధతి ఉంది. కుక్కని తెచ్చేవాళ్ళు దానితోపాటు ఇంట్లో వాడిన గుడ్డ ఒకటి తేవాలి.

"ఉతక్కండి. మీరు తొడుక్కుని విడిచిన చొక్కా అయినా సరే, సోఫా మీద పరిచే దుప్పటి అయినా సరే. మాసిందే కావాలి," అని ఫోనులోనే చెబుతుంది.

అయినా కొందరు సిగ్గుపడి, ఉతికి, ఇస్త్రీ చేసి, మడత నలగకుండా సంచీలో పెట్టి తెస్తారు. ఆ కుక్కలు రెండు రోజులు గుమ్మం వైపే చూస్తూ కూర్చుంటాయి. మాసిన గుడ్డ తెచ్చుకున్నవి దాని మీద మూడు చుట్లు తిరిగి, ముక్కు అందులో దూర్చి, బరువుగా ఒక నిట్టూర్పు విడిచి పడుకుంటాయి. కుక్కకి ఇల్లు ముక్కులో ఉంటుంది అంటుంది ఆమె.

కుక్క వెళ్ళేటప్పుడు ఆ గుడ్డ కూడా దానితోపాటే వెళ్ళిపోవాలి. ఇది రెండో పద్ధతి, మొదటిదానికంటే గట్టిది. పొరపాటున మిగిలిపోతే ఆమె బస్సెక్కి మరీ ఇచ్చి వస్తుంది. ఒక కుక్క వాసన ఇంట్లో మిగిలితే తర్వాత వచ్చిన కుక్క దాన్ని చదువుతుంది. చదివి ఊరుకోదు, కాలెత్తి జవాబు రాస్తుంది. ఆ జవాబుకి ఇంకోటి జవాబు. చివరికి ఇల్లు కాస్తా పోస్టాఫీసు అయి కూర్చుంటుంది.

ఎనిమిది నెలలుగా ఆ పోస్టాఫీసు ఆమె ఇంట్లోనే నడుస్తోంది.

ముందుగదిలో కిటికీ పక్కన మూడు సొరుగుల చెక్క బల్ల ఒకటుంది. దాని మీద తాళాలు, టార్చిలైటు, అత్తగారి కళ్ళజోడు. దాని పక్కనే అత్తగారి కుర్చీ. అత్తగారి చేతికర్ర ఎప్పుడూ ఆ బల్లకే ఆనించి ఉంటుంది. వచ్చిన ప్రతి మగకుక్కా ఆ బల్ల ఎడమ కాలి దగ్గర ఆగిపోతుంది. లోకంలో ఇంకే పనీ లేనట్టు చాలాసేపు అక్కడ వాసన చూస్తుంది. తర్వాత తాపీగా కాలెత్తుతుంది. ఆడకుక్కలు కూడా ఒకటి రెండు, మేమేం తక్కువా అన్నట్టు అక్కడే కూర్చుని లేచాయి.

ఆమె చెయ్యాల్సినవన్నీ చేసింది. కుక్క రాగానే లోపలికి తీసుకురాకుండా వీధి చివరి దాకా నడిపించి ఖాళీ చేయించేది. లోపలికి వచ్చాక మొదటి రోజంతా పట్టెడ తాడు తన నడుముకే కట్టుకుని తిప్పుకునేది. మగవాటికి పాత నూలుగుడ్డతో నడుంపట్టీలు. ఆ పట్టీలు కుట్టేది అత్తగారే. కుట్టు మిషను మీద కూర్చుని, కుడుతున్నంతసేపూ తిడుతూ, తిడుతున్నంతసేపూ కుట్లు వంకర పోకుండా చూసుకుంటూ కుట్టేది.

"నా చిన్నప్పుడు మనుషులకే గోచీలు దిక్కులేవు. ఇప్పుడు కుక్కలకి నేను కొలతలు తీసి కుడుతున్నాను. ఇదిగో, ఆ పొట్టివాడిది కొంచెం లూజు పెట్టాను, భోజనం చేశాక బిగుస్తుందని."

అయినా బల్ల కాలు తడుస్తూనే ఉంది.

మంగళవారం పొద్దున దొరబాబు పట్టీ ఊడింది. దొరబాబు పళ్ళ డాక్టరుగారి కుక్క. పొడుగు చెవులు, గోధుమరంగు మచ్చలు, ఎప్పుడూ ఎవరో తనకి అన్యాయం చేసినట్టుండే చూపు. అత్తగారు లేవబోయి, బల్ల కాలి దగ్గరికి జారిన కర్ర పట్టుకుంది. పట్టుకుని, అలాగే ఉండిపోయింది.

"ఏవమ్మాయ్!"

కుక్కలమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"దీని సంతకం నా అరచేతిలో పడిందే! బ్యాంకులో నేను కూడా ఇన్ని సంతకాలు పెట్టి ఎరగను."

"అయ్యో, పట్టీ ఊడినట్టుంది అత్తయ్యా, నేను చూసుకోలేదు..."

"ఇది నాలుగో కర్ర. ఇక కుక్కకి కాదు, కర్రకి కుట్టాలి గోచీ." ఆవిడ నవ్వలేదు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఫోను తెమ్మంది. కోడలి ఎదుటే కూతురికి చేసింది. "చిట్టీ, శనివారం రావే. వచ్చి నన్ను తీసుకుపో... ఆ, అవే. ఇక్కడ అవి తప్ప ఇంకేమున్నాయి? ...లేదు లేదు, కొన్నాళ్ళకి కాదు. మొత్తానికే."

చిట్టి ఇల్లు నాలుగో అంతస్తు. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. ఇక్కడ అత్తగారి కుర్చీలోంచి చూస్తే లాండ్రీ షాపు, బస్టాపు, వచ్చేపోయే మనుషులు, అందరి తగాదాలు కనిపిస్తాయి. ఆ కిటికీ లేకుండా ఆవిడ ఎలా ఉంటుందో కుక్కలమ్మకి ఊహకి అందలేదు. ఆవిడ లేకుండా ఆ కుర్చీ ఎలా ఉంటుందో అసలే అందలేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఆమె పలికిన ప్రతి మాటకీ ఎదురుమాట ఆ కుర్చీలోంచే వచ్చింది. పోనీ కుక్కల్ని మానేద్దామా అంటే, పొద్దున్నే లేచి ఎవరి కోసం తలుపు తియ్యాలి?

రాత్రి భోజనాల దగ్గర భర్త చెప్పాల్సిందంతా ఒక్కసారే చెప్పేశాడు. "అమ్మ వెళ్తానంటే ఆపను. నువ్వు కుక్కల్ని మానేస్తానంటే ఆపను. మధ్యలో నన్ను వేలాడదియ్యకండి. పొద్దస్తమానం వేలాడేది చాలు." కంచంలోకి చూస్తూ, "చిట్టి వాళ్ళ లిఫ్టు మాత్రం నమ్మేది కాదు. నేనే బాగుచేశాను, నాకు తెలుసు," అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం ఇల్లంతా నిద్రలో ములిగింది. ఆ ఇంట్లో మధ్యాహ్నాలు అలాగే ఉంటాయి. ఎండ కిటికీ చువ్వల్లోంచి నేల మీద పడి మెల్లగా గోడ వైపు జరుగుతుంటుంది. లాండ్రీ షాపులోంచి ఆవిరి బుస్సుమని లేచి ఆగుతుంటుంది. అత్తగారు కుర్చీలో తల వాల్చేసింది. దొరబాబు డాక్టరుగారి చొక్కా మీద పడుకుని, కలలో దేన్నో తరుముతూ కాళ్ళు ఆడిస్తున్నాడు.

కుక్కలమ్మ బల్ల ముందు కూర్చుంది. కింది సొరుగు లాగింది. అందులో బిస్కెట్ల రేకు డబ్బా. మూత తీసి, లోపలున్న బూడిదరంగు గుడ్డని రెండు చేతులతో పైకెత్తి, మొహం దాచుకుంది.

మబ్బు.

పద్నాలుగేళ్ళు ఈ ఇంట్లో తిరిగిన కుక్క. వానకి ముందు ఆకాశం ఎలా ఉంటుందో ఆ రంగు. ఏ కుక్క వచ్చినా ముందు మబ్బే ఎదురెళ్ళి, చుట్టూ తిరిగి చూసి, సరే లోపలికి రా అన్నట్టు తోక ఊపేవాడు. వాడు ఊపాడంటే వచ్చినవాళ్ళు బుద్ధిగా ఉండేవాళ్ళు. ఎనిమిది నెలల కిందట ఈ గుడ్డ మీదే, ఈ కిటికీ ఎండలోనే, నిద్రలోంచి నిద్రలోకి జారుకున్నట్టు వెళ్ళిపోయాడు. పక్క ఉతికింది, గిన్నెలు ఇచ్చేసింది, పట్టెడ పశువుల డాక్టరుకి ఇచ్చేసింది. ఈ గుడ్డ మాత్రం మిగిలింది. దాంట్లో తడిమట్టి, పాత బిస్కెట్టు, ఎండలో కాగిన బొచ్చు. ఆ వాసనలోకి వెళ్ళగానే ఇంటి గదులు కొంచెం పెద్దవవుతాయి. వరండాలో గోళ్ళ చప్పుడు వినిపిస్తుంది, టిక్కు టిక్కుమని, వంటింటి గుమ్మం దగ్గర ఆగి, మళ్ళీ టిక్కు టిక్కుమని. ఆమె కళ్ళు తెరవదు. తెరిస్తే ఆ చప్పుడు దొరబాబుదవుతుంది.

అందరి గుడ్డలూ బస్సెక్కి మరీ తిరిగి ఇచ్చే మనిషి, తన గుడ్డ ఒక్కటీ ఇంట్లోనే దాచుకుంది. అది డబ్బాలో ఉంది, డబ్బా సొరుగులో ఉంది, మూత గట్టిది, బయటికి రాదులే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. మూత గట్టిదే. వారానికి రెండుసార్లు తీస్తే ఎంత గట్టిదైతే ఏం? తీసిన చేతులతోనే సొరుగు మూస్తుంది. ఆ చేత్తోనే బల్ల పట్టుకుని పైకి లేస్తుంది. ఇదంతా ఆమెకి తెలియదనలేం. కొన్ని తెలిసినా తెలియనట్టు పక్కన పెట్టుకునే చోటు మనసులో ఒకటుంటుంది, అక్కడ పెట్టుకుంది.

డబ్బా మూసి సొరుగు తోసింది. వెనక్కి తిరిగితే అత్తగారు కళ్ళు మూసుకునే ఉంది. సాయంత్రానికి బల్ల కాలు మళ్ళీ తడిసింది.

గురువారం పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన అంతా విని, నీలం సీసాలో మందు, ఊదారంగు వెలుగు వచ్చే టార్చి ఇచ్చాడు.

"గది చీకటి చేసి ఈ టార్చి వెయ్యమ్మా. ఎండిపోయిన మరకలు కూడా మెరుస్తాయి. మెరిసిన చోటల్లా ఈ మందు కొట్టి పది నిమిషాలు వదిలెయ్యి. ఫినాయిల్ మన ముక్కుని మోసం చేస్తుంది గానీ కుక్క ముక్కుని చెయ్యలేదు."

మధ్యాహ్నం కిటికీలకి దుప్పట్లు కట్టింది. పట్టపగలు గదిలోకి చీకటి మెల్లగా నీళ్ళలా నిండింది. దొరబాబుని వంటింట్లో కట్టేసింది. అత్తగారు కుర్చీలోంచి కదల్లేదు.

"నేనుండగానే నాకు చీకటి చేస్తున్నావా? ఇంకా రెండు రోజులుందే అమ్మాయ్ శనివారానికి."

"మీరూ చూడండి అత్తయ్యా. ఎక్కడెక్కడ తడిపాయో తెలుస్తుందిట."

టార్చి నొక్కింది.

నేల మీద, గోడ అంచున, తలుపు చట్రం దగ్గర లేత పసుపు మచ్చలు తేలాయి. కొన్ని చుక్కల్లా, కొన్ని సన్నటి వాగుల్లా. ఎప్పుడెప్పుడో వచ్చి వెళ్ళిపోయిన కుక్కలన్నీ ఆ చీకట్లో మళ్ళీ వచ్చి తమతమ చోట్ల నిలబడ్డట్టుంది. తెలిసిన గది తెలియని ఆకాశమైపోయింది. అత్తగారు ముందుకి వంగింది. గొంతు తగ్గించి, నిద్రపోతున్న పిల్లల పక్కన మాట్లాడినట్టు అడిగింది.

"తలుపు దగ్గరది ఎవరిదే?"

"తోకలేని నల్లోడిది. పైలటు వదిలి వెళ్ళాడే, వాడు."

"వాడేనా? నా చెప్పు పట్టుకుపోయినవాడు. మరి ఆ గోడ వారనున్నది?"

"ముసలి తెల్లావిడది. పాపం ఆపుకోలేకపోయేది."

"నాకు తెలుసులే ఆ బాధ." అత్తగారు నిట్టూర్చింది. "ఇంతమంది వచ్చారా మనింటికి! పెళ్ళికి కూడా ఇంతమంది రాలేదు."

వెలుగు జరుగుతూ జరుగుతూ బల్ల దగ్గరికి వచ్చింది. అక్కడ విడివిడి మచ్చలు లేవు. ఎడమ కాలు కింది నుంచి మోకాలెత్తు దాకా పాలపుంతలా ఒకటే వెలుగు. చేతికర్ర అడుగు కూడా వెలుగుతోంది. మరకలన్నీ ఒకదాని మీద ఒకటి, కింది సొరుగు అంచు దాకా ఎగబాకి, అక్కడే గుమిగూడాయి. ఎవరో లోపలున్నట్టు, వాళ్ళని పిలుస్తున్నట్టు.

కుక్కలమ్మ టార్చి చటుక్కున పక్కకి తిప్పింది.

"ఆ డబ్బా తియ్యి," అంది అత్తగారు.

"ఏ డబ్బా?"

"నా దగ్గరా నీ నాటకాలు? నిన్న నేను నిద్రపోలేదు. మొన్నా పోలేదు. మొదటిసారి చూసినప్పుడు కలేమో అనుకున్నాను. కోడలు బిస్కెట్ల డబ్బాలో మొహం పెట్టి కూర్చుంది, ఇదేం కలరా బాబూ, బిస్కెట్లేమైనా తింటోందా అనుకున్నాను. తర్వాత అర్థమైంది."

కుక్కలమ్మ బల్ల ముందు కూర్చుంది. సొరుగు తీసింది. గుడ్డ బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఉతికేస్తాను అత్తయ్యా. ఇప్పుడే. వేడినీళ్ళలో వేస్తే పోతుంది. మీరు చిట్టికి ఫోన్ చేసి రావద్దని చెప్పండి. ఇప్పుడే ఉతికేస్తాను." లేచింది. రెండడుగులు వేసింది. అక్కడే ఆగిపోయింది.

"ఇటివ్వు."

అత్తగారు గుడ్డ అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. చీకట్లో ఆవిడ మొహం కనిపించలేదు. ఊపిరి మాత్రం వినిపించింది, లోపలికి, చాలాసేపు.

"వీడే. తడిసి వచ్చి నా పాదాల మీద పడుకునేవాడు," అంది. తర్వాత వేరే గొంతుతో, "మీ మామయ్య పోయిన మూడో రోజే ఆయన స్వెట్టరు ఉతికేశాను. అందరూ వస్తున్నారు, ఇల్లు శుభ్రంగా ఉండాలని. సబ్బు వాసన వేసింది. ఎన్ని రోజులు చూసినా సబ్బు వాసనే. అంత తెలివితక్కువ పని నేను ఇంకోటి చెయ్యలేదు," అంది.

వంటింట్లో దొరబాబు ఒకసారి మూలిగి ఊరుకున్నాడు.

"నా గదిలో అలమర మీద రబ్బరు మూత, వెడల్పు మూతి గాజు సీసా ఉంది, పొద్దున మందులు పెట్టుకునేది. అది ఖాళీ చేసి తీసుకురా. ఇందులో పెట్టి అలమర పైనే పెడదాం. నా గదికి అడ్డు తలుపు ఉంది, ఏ కుక్కా రాదు. నీకు కావాల్సినప్పుడు వచ్చి తీసుకో. తీశాక చేతులు సబ్బుతో కడుక్కుని గానీ బయటికి అడుగు పెట్టకు. ఇంకోళ్ళకి పాఠాలు చెబుతావు, ఆ మాత్రం తెలీదూ?"

"మీరు శనివారం వెళ్ళిపోతున్నారుగా అత్తయ్యా."

"శనివారం సంగతి శనివారం. ముందు ఆ నీలం సీసా కొట్టు. నేను టార్చి పడతాను."

అత్తగారు టార్చి పట్టింది, కోడలు మందు కొట్టింది. పది నిమిషాలు ఇద్దరూ ఆ చీకట్లో కూర్చున్నారు. మందు ఆరాక మళ్ళీ వెలుగు వేస్తే బల్ల కాలు మసకబారింది. మళ్ళీ కొట్టారు. శుక్రవారం రెండుసార్లు. చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతూ వచ్చాయి. చివరిది ఆరినప్పుడు కుక్కలమ్మకి ఎవరినో బస్సు ఎక్కించి వచ్చినట్టనిపించింది.

శనివారం పదింటికి చిట్టి వచ్చింది. బడిలో లెక్కలు చెబుతుంది, ఏ పనైనా చీటీ రాసుకుని చేస్తుంది. ఎర్రటి కొత్త సూట్‌కేసు ఒకటి చక్రాల మీద లాక్కుంటూ తెచ్చి గుమ్మం లోపల నిలబెట్టింది.

"అమ్మా, బట్టలు ఇందులో, మందులు చేతిసంచీలో. వదినా, ఏమీ అనుకోకు, అమ్మ ఆరోగ్యం ముఖ్యం కదా."

"నేనేమంటాను చిట్టీ."

"కూర్చోవే ముందు," అంది అత్తగారు. కర్ర ఎప్పటిలాగే బల్లకి ఆనించి ఉంది. "అమ్మాయ్, దొరబాబు గోచీ విప్పి వదులు."

"అత్తయ్యా..."

"విప్పమన్నానా? చూద్దాం."

కుక్కలమ్మ పట్టీ విప్పింది. దొరబాబు ఒళ్ళు దులుపుకుని, గది మధ్యకి వచ్చి, తిన్నగా బల్ల దగ్గరికి నడిచాడు. ఎడమ కాలు దగ్గర ఆగాడు. ముక్కు పెట్టాడు. కిందికి, పైకి, సొరుగు అంచుకి, మళ్ళీ కిందికి. గదిలో ముగ్గురు ఆడవాళ్ళ కళ్ళూ వాడి వెనక కాలి మీదే ఉన్నాయి. వాడు కర్ర వాసన చూశాడు. తలెత్తి, చదవడానికి వచ్చిన ఉత్తరం ఎవరో ఎత్తుకుపోయినట్టు, దిక్కులు చూశాడు. తర్వాత ఒక తుమ్ము తుమ్మి ముందుకి సాగాడు.

సాగి, గుమ్మం దగ్గర నిగనిగలాడుతున్న ఎర్రటి సూట్‌కేసు చూశాడు. కొత్త సామాను. ఎవరూ ఇంకా ఏమీ రాయని తెల్లకాగితం. తాపీగా కాలెత్తాడు.

"అయ్యో అయ్యో! నా సూట్‌కేసు! వదినా, నిన్ననే కొన్నాను!"

కుక్కలమ్మ పరిగెత్తింది. అప్పుడు వినిపించింది ఆమెకి వెనకాల నవ్వు. అత్తగారు కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతోంది.

"ఇంకెలా వస్తానే చిట్టీ, పెట్టె వాడికి రాసిచ్చేశావు కదా!"

"అమ్మా, నవ్వుతున్నావా? నువ్వే కదా రమ్మన్నావు!"

"రమ్మన్నాను. కర్ర తడుస్తోందని రమ్మన్నాను. ఇప్పుడు చూడు." చెయ్యి చాచి కర్ర అందుకుని, పైనుంచి కింది దాకా తడిమి చూపించింది. "పొడిగా ఉంది. ఇక ఆ నాలుగో అంతస్తులో గోడ చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. నువ్వే వారం వారం రా. పాత సంచీ తెచ్చుకో."

చిట్టి గొణుగుతూనే గుడ్డ కోసం చూసింది.

"గుడ్డతో రుద్దకు, అద్దు," అంది అత్తగారు. "అద్ది, ఆ నీలం సీసాలోది కొట్టి, పది నిమిషాలు ఆగు. ఫినాయిల్ పనికిరాదు. నీ ముక్కు మోసపోతుంది గానీ వాడి ముక్కు మోసపోదు."

మధ్యాహ్నం ఎర్ర సూట్‌కేసు మూత తెరుచుకుని కిటికీ కింద ఎండలో ఆరుతోంది. చిట్టి సోఫాలో ఒరిగి నిద్రపోయింది. లాండ్రీ షాపు ఆవిరి బుస్సుమని లేచి ఆగింది. దొరబాబు డాక్టరుగారి చొక్కా మీద మూడు చుట్లు తిరిగి పడుకున్నాడు. కుక్కలమ్మ అత్తగారి గదిలోకి వెళ్ళి సీసా మూత తీసి, మళ్ళీ పెట్టి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చి, కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

ఎండ గోడ వైపు జరుగుతోంది. అత్తగారు కళ్ళు మూసుకునే, నిద్రలోంచో మెలకువలోంచో తెలియని గొంతుతో అడిగింది.

"మబ్బుని బయటికి తిప్పావా?"

"తిప్పానత్తయ్యా," అంది కోడలు. "పడుకోండి."